చేతిలో సంత: ఆన్‌లైను అమ్మకాలు – లాభాలు, ప్రమాదాలు

(తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి)

సరుకు అమ్ముకోవడమన్నది మనిషి సంత కనిపెట్టిన నాటినుంచీ వున్న పనే. అమ్మేవాడు కేక వేయాలి. కేక విన్నవాడు దగ్గరికి రావాలి, సరుకు చేతిలోకి తీసుకుని చూడాలి, బేరమాడాలి, డబ్బిచ్చి పట్టుకెళ్ళాలి, బాగుంటే నలుగురికి చెప్పాలి. ఆన్‌లైను మార్కెటింగు అని ఈనాడు పెద్ద పేరు పెట్టి పిలుస్తున్నదానిలో ఇంతకుమించి కొత్త పని ఏదీ లేదు. కేక ఫోనులో వేస్తున్నారు, సరుకు ఫోటోలో చూస్తున్నారు, డబ్బు యూపీఐలో పంపుతున్నారు. మారినవి రెండే. ఒకటి, కేక వినపడే దూరం. రెండు, సరుకును తాకి, వాసన చూసి కొనే వీలు లేకపోవడం. మొదటిది లాభానికి మూలం, రెండోది ప్రమాదానికి మూలం. ఈ వ్యాసంలో నేను చెప్పబోయేదంతా ఈ రెండింటికీ మధ్య జరిగే వ్యవహారమే.

నేను కామర్సు విద్యార్థిని కాను. "కెమిస్ట్రీ చదువుకునేవాడికి ఈ గొడవ ఎందుకు?" అని ఆ శాఖ మిత్రులు అడగవచ్చు. మాది నూజివీడు దగ్గర పల్లె. మామిడి తోట తప్ప మాకు వేరే ఆదాయం లేదు. కాబట్టి ఈ గొడవ నాకు పుస్తకాల్లోది కాదు, ఇంట్లోది.

పూతమీదనే తోటను గుత్తకు ఇచ్చేయడం మా తాతగారి నాటినుంచీ వున్న అలవాటు. గాలివాన వస్తే గుత్తదారు నష్టపోతాడు, ధర పెరిగితే గుత్తదారు బాగుపడతాడు. రైతు రెండింటికీ దూరంగా నిలబడి చూస్తాడు. గుత్త కుదరని ఏడు కాయ కోసి మార్కెట్టుకు తోలితే కోత కూలి, లారీ కిరాయి, కమిషను, తరుగు పోగా చేతికి వచ్చేది చూసి మా నాన్న మాట్లాడకుండా పడుకునేవాడు. అదే కాయ హైదరాబాదులో బండిమీద ఏ ధర పలుకుతుందో అక్కడ చదువుకునే మా వూరి పిల్లలు ఫోను చేసి చెబుతూనే వుండేవారు. ఆ రెండు ధరల మధ్య వున్న అగాధంలోకి దిగి చూద్దామని 2023 వేసవిలో మా పెద్దనాన్నగారబ్బాయి, అంటే నాకు అన్నయ్య, ఫోను చేతబట్టాడు. మొదటి ఏడు 40 పెట్టెలు. ఒక్కొక్క పెట్టె అయిదు కిలోలు. నేను పెట్టెలకు టేపు అతికించేవాణ్ణి, లెక్క రాసేవాణ్ణి. నాకు తెలిసిన మార్కెటింగులో సగం ఆ టేపు చుట్టతోనే వచ్చింది.

ఇక అసలు విషయానికి వద్దాం. చిన్న వ్యాపారికి ఆన్‌లైను మార్కెటింగు అంటే ముందుగా కావలసింది వెబ్‌సైటూ కాదు, వీడియోలు తీసే మనిషీ కాదు. సరుకు గురించి నిజమైన నాలుగు ముక్కలు. ఏ రకం? ఎంత తూకం? ఎప్పుడు కోశారు? ఎప్పటికి తినవచ్చు? సంతలో ఈ ప్రశ్నలు కొనేవాడి వేళ్ళూ ముక్కూ అడుగుతాయి. ఫోనులో వాటికి పని లేదు కనుక అమ్మేవాడే ముందుగా జవాబు చెప్పుకోవాలి. అన్నయ్య పెట్టిన మొదటి ఫోటోలో కాయలు కాటామీద వున్నాయి, కాటా అంకె కనబడుతున్నది, పక్కన ఆనాటి దినపత్రిక వున్నది. అందంగా ఏమీ లేదు. కాని దాన్ని చూసి ఆర్డరిచ్చినవాళ్ళు చాలామంది "తూకం చూపించారు కదా, అందుకే" అన్నారు. నెట్‌లో ఎవరో తీసిన మెరిసే మామిడిపండు ఫోటో తెచ్చి పెట్టుకునేవాళ్ళకు ఈ రహస్యం ఎందుకు తట్టదో నాకర్థం కాదు. పెట్టె విప్పిన మరుక్షణం ఆ ఫోటోయే వాళ్ళమీద సాక్ష్యం చెబుతుంది.

పేరు విషయంలో కూడా ఇంతే. 2017లో మన బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు, అనగా జి.ఐ. లభించింది. ఆ పేరుకు చట్టం కాపలా వున్నదని దీని అర్థం. బంగినపల్లి అని రాసి వేరే రకం పంపడం ఇప్పుడు మోసం మాత్రమే కాదు, చట్టవిరుద్ధం కూడా. రసాలు అమ్మేవాడు రసాలు అనే రాయాలి. రసం తినే మనుషులు వేరు, కోసుకుని తినే మనుషులు వేరు. ఎవరికి కావలసినది వాళ్ళకు చెబితే చాలు.

చిన్న వ్యాపారాలకోసం వాట్సాప్ బిజినెస్ అనే యాప్ మన దేశానికి 2018 జనవరిలో వచ్చింది. అందులో సరుకుల పట్టిక పెట్టుకోవచ్చు, ధర రాసుకోవచ్చు, రాత్రివేళ మెసేజి చేసినవాడికి "పొద్దున జవాబిస్తాం" అని దానంతట అదే చెప్పేట్టు అమర్చుకోవచ్చు. గూగుల్ మ్యాపులో దుకాణమో తోటో నమోదు చేసుకుంటే వెదుక్కుంటూ వచ్చేవాడికి దారి తెలుస్తుంది. ఈ రెండూ ఉచితం. మావంటివాళ్ళకు మొదటి రెండేళ్ళకు ఇవే చాలు.

డబ్బు పెట్టి వేసే ప్రకటనల సంగతి వేరు. ఫేస్‌బుక్కులో, ఇన్‌స్టాగ్రాములో ప్రకటన అంటే గోడమీద బొమ్మ వేసినట్టు కాదు. అక్కడ చూసే కళ్ళు వేలానికి పెట్టి వుంటాయి. ఫలానా నగరంలో, ఫలానా వయసువాళ్ళకు చూపించమని మనం పాట పాడతాం. చూసినవాళ్ళ లెక్కనో, నొక్కినవాళ్ళ లెక్కనో కంపెనీ మన దగ్గర వసూలు చేస్తుంది. ఇక్కడ చేయవలసింది ఎక్కాల లెక్కే. 500 రూపాయలు ప్రకటనకు పెడితే పది పెట్టెలు అమ్ముడుపోయాయనుకుందాం. పెట్టెకు 50 పడింది. పెట్టెమీద మనకు మిగిలేది 120 అయితే నడుస్తుంది. మూడు పెట్టెలే పోతే పెట్టెకు 167 దాకా పడింది, చేతినుంచి వదిలింది. "లైకులు బాగా వచ్చాయండీ" అని సంబరపడేవాళ్ళు ఈ భాగహారం చేయరు. లైకును బ్యాంకులో వేసుకోరు గదా!

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటున్నది. ఫేస్‌బుక్కు పేజీ మనది కాదు. ఇన్‌స్టాగ్రాము ఖాతా మనది కాదు. కౌలు భూమి. దున్నేది మనం, ఎరువు వేసేది మనం, గట్టు మాత్రం వేరేవాడిది. ఆసామి మనసు మారితే ఏమవుతుందో కౌలుదారుకు తెలుసు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించింది. అందులో టిక్‌టాక్ ఒకటి. నిషేధం మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. లక్షలమంది చూసే ఖాతాలు కట్టుకుని, వాటిమీద చీరలూ చిరుతిళ్ళూ అమ్ముకుంటున్నవాళ్ళకు ఆ చూసేవాళ్ళ పేరు గాని ఫోను నంబరు గాని తెలియదు. ఖాతా పోయిన రోజున జనమూ పోయారు. మరుసటి ఏడు, 2021 అక్టోబరు 4న, ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రాము, వాట్సాప్ మూడూ ప్రపంచమంతటా సుమారు ఆరు గంటలపాటు ఆగిపోయాయి. ఎవరూ దాడి చేయలేదు. ఆ కంపెనీ ఇంజనీర్లు మరమ్మతు చేస్తూ ఇచ్చిన ఒక ఆదేశం వల్ల వాళ్ళ కేంద్రాలకు వెళ్ళే దారుల పట్టిక ఇంటర్నెట్టులోంచి చెరిగిపోయింది. ఇల్లు వున్నచోటే వున్నది, వీధి పేరూ తలుపు నంబరూ మాత్రం ఎవరికీ కనబడలేదు. ఆ ఒక్క ఇంట్లోనే మూడు అంగళ్ళూ వుండటం చేత మూడూ ఒక్కసారే మూతపడ్డాయి.

అందుకని మా ఇంట్లో ఒక రూళ్ళ పుస్తకం వున్నది. కొన్నవాళ్ళ పేరు, నంబరు, వూరు, ఏ రకం తీసుకున్నారు, ఏమన్నారు. అన్నయ్య దాన్ని కంప్యూటరులోకి ఎక్కించాడు గాని పుస్తకం పారేయలేదు. వాట్సాప్ లేని రోజున కూడా ఫోను చేసి "అమ్మా, ఈ ఏడు కాపు వచ్చింది" అని చెప్పుకోవడానికి అది చాలు. అయితే ఒక షరతు. వాళ్ళు మామిడిపళ్ళకోసం ఇచ్చిన నంబరు ఇంకొకరికి ఇవ్వడానికి వీల్లేదు. ఒక స్థలాల వ్యాపారి డబ్బిస్తానని అడిగాడు కూడా. పెద్దనాన్న ఆయన్ని కాఫీ ఇచ్చి పంపించేశాడు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా ఇదే చెబుతున్నది. ఏ పనికని అడిగి తీసుకున్నామో ఆ పనికే వాడాలి.

ఇక పుకార్లు. మా జిల్లాల్లో కోళ్ళ ఫారాలవాళ్ళు 2020 మాట ఎత్తితే ఇప్పటికీ నిట్టూరుస్తారు. ఆ ఏడు ఫిబ్రవరిలో, మన దేశంలో కరోనా ఇంకా సరిగా మొదలుకాకముందే, కోడిమాంసం తింటే కరోనా వస్తుందని వాట్సాప్‌లో మెసేజీలు బయలుదేరాయి. కోళ్ళకు దీనితో సంబంధం లేదని కేంద్ర పశుసంవర్ధక శాఖ ఆ నెలలోనే చెప్పింది. నెలాఖరున హైదరాబాదులో తెలంగాణ మంత్రులు వేదికమీద కోడికూర, గుడ్లు తిని చూపించారు. అయినా కొనేవాళ్ళు రాలేదు. ఫారం దగ్గర ధర పెంపకం ఖర్చుకన్నా బాగా కిందికి పడిపోయింది. బ్రాయిలరు కోడి ఆరు వారాలకు అమ్మకానికి వస్తుంది. అమ్మకపోతే గాదెలో పోసుకునే ధాన్యం కాదు గదా, ప్రతి రోజూ మేత తింటుంది. ధర వచ్చేదాకా ఆగుదామంటే ఆగే కొద్దీ అప్పు పెరుగుతుంది. కొన్నిచోట్ల కోళ్ళను వూరికే పంచిపెట్టారు, కొన్నిచోట్ల బతికుండగానే పూడ్చిపెట్టారు. వాళ్ళు చేసిన తప్పు ఏమీ లేదు. వాళ్ళలో ఎక్కువమందికి ఫేస్‌బుక్కు పేజీ కూడా లేదు. సోషల్ మీడియాలో లేనివాడికి సోషల్ మీడియా ప్రమాదం లేదనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

పుకారు ఇంత వేగంగా ఎలా పాకుతుంది? ఇక్కడ మా సైన్సు కొంత పనికివస్తుంది. మెసేజి అందుకున్న ఒక్కొక్కరు సగటున ఇద్దరికి పంపితే, పది విడతలకు 1,024 మంది, ఇరవై విడతలకు 10,48,576 మంది అవుతారు. అణు రియాక్టరులో న్యూట్రాన్ల కథ ఇదే. ఒక న్యూట్రాను సగటున ఒకటికన్నా ఎక్కువ న్యూట్రాన్లను నిలబెడితే చర్య పెరిగిపోతుంది. ఒకటికన్నా తక్కువైతే దానంతట అదే చల్లారుతుంది. మెసేజి పంపే సగటు 2 నుంచి 0.8కి దిగిందనుకోండి. వందమందితో మొదలైన పుకారు, ఎంతకాలం ఆగినా, మొత్తం 500 మందిని చేరి ఆగిపోతుంది. కాబట్టి పుకారును ఆపాలంటే ప్రతి మనిషి నోరూ మూయనక్కరలేదు. సగటును ఒకటికి కిందకు దించితే చాలు. వాట్సాప్ కంపెనీ చేసిందీ ఇదే. 2018 జూలైలో మన దేశంలో ఒక మెసేజిని ఒక్కసారికి అయిదు చోట్లకే పంపేట్టు కట్టడి చేసింది. 2020 ఏప్రిలులో, అప్పటికే చాలా చేతులు మారిన మెసేజిని ఒక్కసారికి ఒక్కచోటికే పంపేట్టు చేసింది. ఆ తరువాత అటువంటి మెసేజీలు 70 శాతం తగ్గాయని తానే ప్రకటించింది. రియాక్టరులో కాడ్మియం కడ్డీలు దింపినట్టన్నమాట.

వ్యాపారి చేతిలో వున్న కడ్డీ ఏది? ముందే చెప్పి పెట్టుకున్న నిజం. మామిడి విషయంలో ప్రతి వేసవీ తిరిగే మాట ఒకటున్నది, "పళ్ళన్నీ కార్బైడు పళ్ళే" అని. దీన్ని పూర్తిగా పుకారు అని కొట్టిపారేయడానికి వీల్లేదు, అదీ చిక్కు. కాల్షియం కార్బైడుకు తడి తగిలితే ఎసిటిలీను వాయువు పుడుతుంది, దాని వేడికి, ప్రభావానికి కాయ రంగు తిరుగుతుంది. సరుకుగా దొరికే కార్బైడులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు వుండవచ్చు. అందుకే దానితో పళ్ళు మాగబెట్టడం మన దేశంలో నిషేధం. ఎథిలీను వాయువు సంగతి వేరు. కాయ మాగేటప్పుడు తనంతట తానే ఎథిలీనును పుట్టిస్తుంది. గదిలో పెట్టి 100 పీ.పీ.యం. మించకుండా ఎథిలీను ఇచ్చి మాగబెట్టడానికి ఆహార భద్రతా సంస్థ అనుమతి వున్నది. ఇక మా తాతలు చేసినట్టు ఎండుగడ్డిలో మాగవేయడం సరేసరి. ఈ మూడింటికీ తేడా కొనేవాడికి తెలియదు. తెలియనివాడు అనుమానించడంలో తప్పేమీ లేదు.

అందుచేత అన్నయ్య రెండో ఏడు నుంచీ ఒక పని పెట్టుకున్నాడు. కాయ ముదిరిందని ఎలా గుర్తుపడతాం, చిక్కంతో తొడిమ వూడకుండా ఎలా కోస్తాం, సొన కారితే మచ్చ ఎందుకు పడుతుంది, గడ్డిలో ఎన్ని రోజులు, ఇవన్నీ సీజను మొదట్లోనే చిన్న చిన్న వీడియోలుగా పెట్టాడు. మాట్లాడింది పెద్దమ్మ. ఆమెకు కెమేరా అంటే భయం లేదు, మనుషులంటే అసలే లేదు. మే నెలలో కార్బైడు మెసేజి తిరగడం మొదలుకాగానే కొన్నవాళ్ళలో కొందరు మాకు చెప్పకుండానే ఆ వీడియోను బదులుగా పెట్టారు. పుకారు వచ్చాక నిజం తయారుచేద్దామని కూర్చుంటే అప్పటికి పది విడతలు దాటిపోతాయి.

పుకారుకన్నా ఎక్కువగా వ్యాపారాన్ని ముంచేది సొంత నోరు. 2025 ఏప్రిలులో మన రాష్ట్రంలో జరిగినది ఈ పుస్తకం చదివేవాళ్ళలో చాలామందికి గుర్తుండే వుంటుంది. ఆన్‌లైనులో పచ్చళ్ళు అమ్మే ఒక కుటుంబ వ్యాపారం. చూసేవాళ్ళు లక్షల్లో వుండేవారు. ధర మరీ ఎక్కువ కదా అన్న ఒక కొనుగోలుదారుకు బూతులతో కూడిన వాయిస్ మెసేజి ఒకటి వెళ్ళింది. ఆయన దాన్ని బయటపెట్టాడు. రెండు మూడు రోజుల్లో ఆ గొంతు వినని తెలుగు ఫోను లేదు. పచ్చడి సీసాల ఫోటోలకు కష్టపడి తెచ్చుకున్న పేరునంతా కొద్ది క్షణాల గొంతు తుడిచిపెట్టింది. వ్యాపారం ఆపుకోవలసి వచ్చింది. ఆ మాట తప్పే. అందులో సందేహం లేదు. కాని తరువాత జనం ఆ ఆడపిల్లలమీద విరుచుకుపడిన తీరు, వాళ్ళ బట్టలమీద, కుటుంబంమీద చేసిన వెకిలి వీడియోలు, వాటిని పంచుకుని నవ్విన మనబోటి చదువుకున్నవాళ్ళు, ఇవి ఆ బూతుకన్నా ఏ విధంగా మేలైనవో ఎవరైనా చెప్పాలి. మన హాస్టలులోనూ ఆ వారం రోజులూ అదే వినోదం.

ఇటువంటివి ఒక్క చిన్న వ్యాపారాలకే జరుగుతాయని కాదు. 2008లో డేవ్ కారొల్ అనే కెనడా సంగీతకారుడు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానంలో ప్రయాణిస్తుండగా సామాను ఎత్తేవాళ్ళు ఆయన గిటారు విరగ్గొట్టారు. నెలల తరబడి తిరిగాడు. 24 గంటలలోపు ఫిర్యాదు చేయలేదు కనుక ఏమీ ఇవ్వమన్నారు. 2009 జూలైలో దానిమీద పాట కట్టి యూట్యూబులో పెట్టాడు. లక్షలమంది చూశారు. అప్పుడు కంపెనీ పరిహారం ఇస్తానని దిగివచ్చింది. ఆయన తనకు అక్కరలేదన్నాడు. గిటారు మరమ్మతుకు అయినది సుమారు 1,200 డాలర్లు. మొదటి రోజునే ఇచ్చేసి వుంటే ఆ పాట పుట్టేది కాదు. అదే 2009 ఏప్రిలులో అమెరికాలో డామినోస్ పిజ్జా కొట్టులో పనిచేసే ఇద్దరు, తినే పదార్థాలతో అసహ్యమైన చేష్టలు చేస్తూ వీడియో తీసి పెట్టారు. పెద్దది చేయకుండా వుంటే అదే చల్లారుతుందని కంపెనీ ముందు మౌనంగా వున్నది. చల్లారలేదు. రెండో రోజుకు కంపెనీ అధ్యక్షుడే వీడియోలో కనబడి క్షమాపణ చెప్పవలసి వచ్చింది. ఏ యూట్యూబులో నిప్పు అంటుకున్నదో ఆ యూట్యూబులోనే నీళ్ళు పోశాడు. అది సరైన పని. పత్రికా ప్రకటన ఇచ్చి వూరుకుంటే ఆ వీడియో చూసినవాళ్ళకు అది చేరేదే కాదు.

మా పెట్టెల విషయంలో 2024లో ఒక సంగతి జరిగింది. హైదరాబాదుకు పంపిన పెట్టె దారిలో ఆలస్యమై, ఎండలో వుండి, నాలుగు కాయలు కుళ్ళిపోయాయి. ఆవిడ ఫోటో తీసి, వాళ్ళ అపార్టుమెంటు గ్రూపులో "రైతు దగ్గర కొన్నందుకు ఫలితం" అని పెట్టింది. ఆ గ్రూపులో మాకు పదకొండు మంది కొనేవాళ్ళున్నారు. అన్నయ్యకు కోపం వచ్చింది. కోసిన కాయ మంచిదే, పాడుచేసింది దారిలోవాళ్ళు. జవాబు టైపు చేయడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ ఫోను లాక్కుని, "ఆవిడ తినవలసిన కాయ తినలేదు. ఎవరివల్ల అన్నది తరువాత చూద్దాం" అన్నది. గంటలోపు వెళ్ళిన జవాబు ఇది: "అమ్మా, ఫోటో చూశాం, కాయలు పాడైన మాట నిజం. ఈ పెట్టె డబ్బు ఇప్పుడే వెనక్కు పంపుతున్నాం. గురువారం కోతలో ఇంకో పెట్టె పంపుతాం, బాగుంటేనే డబ్బివ్వండి." ఇది ఆవిడకు విడిగా కాదు, అదే గ్రూపులో, అందులో వున్న మా పాత కొనుగోలుదారు ఒకరిచేత పెట్టించారు. ఆవిడ శనివారం రెండో పెట్టె ఫోటో తనే పెట్టింది. ఆ గ్రూపునుంచి ఆ సీజనులో వచ్చిన ఆర్డర్లు పదకొండు దాటి ఇరవై ఆరయ్యాయి. ఆ తరువాత పెట్టెకు గాలి కన్నాలు పెంచాం, పండు కాకుండా పండడానికి సిద్ధమైన కాయ పంపడం మొదలుపెట్టాం, "చేరాక మూడు రోజులు గడ్డిలో వుంచండి" అని చీటీ పెట్టాం. నెట్‌లో ఏం జవాబు చెప్పాలన్న ప్రశ్నకు సగం సమాధానం పెట్టెలోనే వుంటుంది.

అయితే ప్రతి తిట్టుకూ డబ్బు వెనక్కి ఇవ్వాలని కాదు. కాయలన్నీ తిని, టెంకల ఫోటో పెట్టి, తియ్యగా లేవన్నవాడూ ఒకడున్నాడు. వాడికి ఒక్కసారి మర్యాదగా జవాబు చెప్పి వదిలేశాం. రెండోసారి వాదన అంటే చూసేవాళ్ళకు తమాషా.

మోసగాళ్ళ సంగతి త్వరగా చెప్పేస్తాను. "నేను మిలటరీ ఆఫీసర్ని, క్యాంపుకు వంద పెట్టెలు కావాలి, అడ్వాన్సు పంపుతున్నాను, ఈ క్యూ.ఆర్. స్కాన్ చేసి పిన్ కొట్టు" అని ఫోను వస్తుంది. ఇది దేశమంతటా చిన్న వ్యాపారులమీద నడిచిన మోసం. గుర్తుంచుకోవలసింది ఒక్కటే. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు, పోవడానికే కావాలి. ఇంకొకటి, మన పేజీలాంటి దొంగ పేజీ పెట్టి మన కొనుగోలుదారుల దగ్గర డబ్బు గుంజడం. డబ్బు ఏ నంబరుకు పంపాలో ముందే అందరికీ చెప్పి, అది మారదని కూడా చెప్పి వుంచాలి. డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930కు ఫోను చేయాలి. డబ్బు చేతులు మారకముందే ఆపగలిగితేనే ఆశ వుంటుంది. వాట్సాప్‌లో ఆరంకెల పిన్ పెట్టుకునే రెండంచెల తాళం వున్నది. పెట్టుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది.

చట్టం కూడా కొంత తెలిసి వుండాలి. రైతు తన పంటను పంటగా తోటలోనే అమ్ముకుంటే ఆహార భద్రతా చట్టం అతన్ని వదిలేసింది. అదే కాయతో ఆవకాయ పెట్టి అమ్మితే 14 అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. నంబరు సీసామీద వుండవలసిందే. డబ్బిచ్చో, వూరికే సరుకిచ్చో పేరున్నవాళ్ళచేత పొగిడించుకుంటే, అది ప్రకటన అని ఆ పొగిడే భాషలోనే స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం వినియోగదారుల రక్షణ సంస్థకున్నది. మా దగ్గరకూ ఒక రీల్సు తీసే అబ్బాయి వచ్చి, "మీ తోటలో తిన్నట్టు తీస్తాను" అన్నాడు. "తిన్నట్టు ఎందుకు బాబూ, తిను" అన్నది పెద్దమ్మ. చుట్టాలచేత, స్నేహితులచేత అయిదేసి నక్షత్రాల మెచ్చుకోళ్ళు రాయించుకోవడం కూడా ఈ కోవలోదే. అన్నీ అయిదు నక్షత్రాలే వున్న కొట్టును ఇప్పుడు జనం నమ్మడం లేదు కూడా.

ఇంతా చెప్పి ఒక మాట దాచడం న్యాయం కాదు. మా తోటలో ఫోను మీద అమ్ముడయ్యేవి బంగినపల్లి, రసాలు మాత్రమే. అవి తోటలో మూడోవంతు. మిగిలిందంతా కలెక్టరు, అంటే తోతాపురి. అది గుజ్జు ఫ్యాక్టరీకి పోయే కాయ. ఇంట్లో ఎవరూ పెట్టె తెప్పించుకుని తినరు. 2025 వేసవిలో చిత్తూరు వైపు తోతాపురి ధర కూలిపోయింది. ట్రాక్టర్లు ఫ్యాక్టరీల ముందు బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు ఇవ్వాలని, దానిమీద ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. ఆ రైతులకు ఎవరైనా వెళ్ళి "ఆన్‌లైనులో పెట్టుకోకూడదా?" అంటే ఏమంటారో నేనూహించగలను. కొనేవాళ్ళు నలుగురే ఫ్యాక్టరీదార్లు అయినచోట కేక ఎంత దూరం వినపడితే ఏం లాభం? దానికి కావలసింది రైతులు కలిసి పెట్టుకునే గుజ్జు ఫ్యాక్టరీయో, ముందుగా కుదుర్చుకున్న ధరో, చెట్లు మార్చి వేరే రకం అంటుకట్టుకోవడమో. మా నాన్న మూడోదాని గురించి ఆలోచిస్తున్నాడు. ముదురు చెట్టు కొమ్మలు కొట్టి బంగినపల్లి అంటు కట్టినా కాపుకు రావడానికి కొన్నేళ్ళు పడుతుంది. ఈలోగా కలెక్టరు చెట్లు ఈ ఏడు కూడా గుత్తకే ఇచ్చాం, పూతమీదనే.